ప్రెస్సు శేషప్ప ఖర్జూరం పట్టీలు

ఆదోనిలో ప్రెస్సు శేషప్ప అంటే పేపర్లు అచ్చేసేవాడు అనుకునేరు. కాదు. పత్తిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. గింజ తీసిన దూది పొగలాగా తేలుతూ వచ్చి పెట్టెలో పడుతుంది. దాన్ని తొక్కి, నొక్కి, బిగించి, కట్లు కట్టి బయటికి తోస్తే బండరాయి. ఆ బండరాయిని చేసే చేయి శేషప్పది. తాను కట్టిన బేలు ఏ ఊరు పోయినా ఒక మూల కూడా వదులు కాలేదని చెప్పుకునేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పుకునేవాడు. నిరుడు వయసైందని పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఇల్లంటే కొండ కింద ఒక చిన్న మిద్దె. భార్య బసమ్మ పోయి నాలుగేళ్లు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయనకు వంటిల్లు ఏ దిక్కున ఉందో తెలియదు. ఆమె పోయాక దిక్కు తెలిసింది గానీ, అందులోకి పోయి ఏం చేయాలో తెలియలేదు. పొద్దున సందు చివర ఉగ్గాని టిఫిను, రాత్రికి రొట్టెలమ్మే ఆమె దగ్గర రెండు జొన్నరొట్టెలు. మధ్యాహ్నం ఆకలేస్తే చెంబుడు నీళ్లు తాగి నడుం వాల్చేవాడు. ఒంటరి మగవాడు బతకనైతే బతుకుతాడు, తినడమే చేతకాదు.

ఒక్కతే కూతురు భవ్యశ్రీ. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి ఇచ్చి రెండేళ్లయింది. అల్లుడు సుమంత్ నెమ్మదస్తుడు. అత్త శాంతకుమారి నోరు తెరిస్తే మాత్రం పక్కన ఆడుతున్న మగ్గం చప్పుడు కూడా వినపడదు. అయినా కోడలికి తలనొప్పి వస్తే ఆమే కూర్చుని తల పడుతుంది. అలాంటివాళ్లు ఉంటారు. మాటలో కారం, చేతిలో వెన్న.

ఉగాది ఇంకా పది రోజులుందనగా ఒక పొద్దున ఆ శాంతకుమారి కోడలి చేయి పట్టుకుని శేషప్ప గడప ముందర ఆటో దిగింది. భవ్యశ్రీకి నాలుగో నెల. కడుపు ఇంకా తెలియడం లేదు గానీ మెడ కింద ఎముకలు తెలుస్తున్నాయి. కళ్లు గుంటల్లోకి పోయాయి.

"అన్నా, నీ కూతుర్ని నీకే తెచ్చినా. ఏమనుకోవద్దు" అంది శాంతకుమారి.

శేషప్ప గడప దిగి వచ్చాడు. "ఏమైనాదమ్మా? పాప ఏమన్నా తప్పు సేసినాదా?"

"తప్పేముండాది. తిరగమాత ఏస్తే కక్కుతాది. అన్నం ఉడికితే కక్కుతాది. పాలు పొంగినా కక్కుతాది. మాది తొమ్మిది మంది ఇల్లు. పొద్దున ఎలిగించిన పొయ్యి రాత్రికి గానీ ఆరదు. యాడికని పోతాది ఈ పిల్ల? వాసనకు జడిసి మగ్గం గుంతలో దిగి కూసుంటాండాది."

"మరి ఈడ నేనేం సేసి పెడతానమ్మా? నాకు వంట రాదు గదా."

"అందుకే గదా తెచ్చింది. రెండూర్లూ ఎతికినా నీ ఇంటి మాదిరి పొయ్యి ఎలగని ఇల్లు దొరకలేదు."

శేషప్పకు ఆ మాట సూదిలాగా దిగింది. పొయ్యి వెలగని ఇల్లు అనిపించుకోవడం మన వైపు చిన్న మాట కాదు. బసమ్మ పోయినప్పటి నుంచి ఆ ఒక్క విషయానికే ఆయన ఎవరినీ ఇంటికి పిలిచేవాడు కాదు. ఇప్పుడు అదే మాటను ముందు పెట్టి, నీ కూతురికి కావాల్సింది ఇదే అంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తువ్వాలుతో చాప దులిపి వియ్యపురాలికి వేశాడు. ఆమె కూర్చోలేదు. కోడలి తల మీద చేయి పెట్టి, "నిమ్మకాయలు సంచిలో ఉండాయి, పారేసుకోవద్దు" అని చెప్పి, వచ్చిన ఆటోలోనే బస్టాండుకు తిరిగిపోయింది. సందు మలుపు దాకా కళ్లు తుడుచుకుంటూనే పోయింది, అది శేషప్ప చూశాడు.

మర్నాడు ఆ వీధికి వచ్చే నర్సు పద్మ వేలు గుచ్చి రక్తం చూసింది.

"ఏడు పాయింటు నాలుగు. తక్కువలో తక్కువ పది ఉండల్ల" అంది. బిళ్లలు ఇచ్చింది. "ఖాళీ కడుపున ఏస్తే బిళ్ల బయటికొచ్చేస్తాది. ముందు ఏదో ఒక తిండి కడుపులో నిలవల్ల. దాని మీద బిళ్ల నిలుస్తాది. టీ తాగి ఏయొద్దు పాపా. నిమ్మకాయ నీళ్లతో ఏసుకో."

"తిండే నిలవకపోతే తల్లీ?" అన్నాడు శేషప్ప.

"ఎండాకాలం దాటేలోపల రక్తం పెరగకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి రాస్తా శేషన్నా. అక్కడ చేర్చుకుని రక్తం ఎక్కిస్తారు. ఇంత తక్కువుండి కాన్పయితే తల్లికీ ముప్పే, బిడ్డకీ ముప్పే. దాచి చెప్పేదానికి లేదు."

శేషప్ప బిళ్లలు తీసి గూట్లో పెట్టాడు. భవ్య పుట్టినప్పుడు బసమ్మకూ ఇదే కథ. బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని మూడు రోజులు సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా పడి ఉంది. ఆ మూడు రోజులను ఇన్నేళ్లయినా మరిచిపోలేదు ఆయన. ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

ఆ వారం ఆయన తేని తిండి లేదు. పెరుగన్నం తెచ్చాడు, బ్రెడ్డు తెచ్చాడు, దూరాన పేరున్న హోటలు నుంచి ఇడ్లీ కట్టించుకుని తెచ్చాడు. ఇడ్లీ పొట్లం విప్పగానే ఆవిరి వాసనకే పిల్ల పెరట్లోకి పరుగెత్తింది. లోపల ఏమీ లేకుండా వాంతి చేసుకుంటుంటే వినడం కష్టం. శేషప్ప బయట అరుగు మీద కూర్చుని రెండు చెవులూ మూసుకునేవాడు, మళ్లీ పిలుస్తుందేమోనని తెరిచేవాడు.

అదే సందులో మధ్యాహ్నం పూట హసన్‌బీ బండి ఆగుతుంది. అరవై ఐదేళ్ల మనిషి. తోపుడు బండి మీద వేయించిన బుడ్డలు, బొరుగులు, పుట్నాలు, ఖర్జూరం, ఎండు కొబ్బెర. బుడ్డలంటే వేరుశనగలే, బొరుగులంటే మరమరాలే, ఆదోనిలో అట్లాగే అంటారు. వేయించే పని ఊరి చివర బొరుగుల బట్టీలో అయిపోతుంది కాబట్టి ఆ బండి దగ్గర పొగ లేదు, నూనె వాసన లేదు. భవ్యశ్రీ గడపలో కూర్చుని ఆ బండినే చూస్తోంది.

"ఏం పాపా, నన్ను సూస్తాండావా, నా బుడ్డల్ని సూస్తాండావా?" అని హసన్‌బీ రెండు ఖర్జూరాలూ గుప్పెడు బుడ్డలూ పిల్ల చేతిలో పోసింది. "తిను. కక్కితే కక్కుతావు. నా బండి మీద మాత్రం కక్కొద్దు."

పిల్ల తిన్నది. ముగ్గురూ ఎదురుచూశారు. గంట గడిచింది. ఏమీ బయటికి రాలేదు. నిమ్మకాయ నీళ్లతో బిళ్ల వేసుకుంది. అదీ నిలిచింది. శేషప్ప లేచి నిలబడి, ఎవరికో తెలియదు గానీ, చేతులెత్తి దండం పెట్టాడు.

"నాకేనా?" అంది హసన్‌బీ.

"ఖర్జూరానికి" అన్నాడు శేషప్ప.

నాలుగు రోజులు బాగా జరిగింది. అయిదో రోజు పిల్ల మొహం తిప్పుకుంది. నమలాలంటే దవడలు నొప్పి, నోట్లో పిప్పి మిగిలితే మళ్లీ వికారం. ఫోను చూస్తూ చూస్తూ, "నాయినా, ఇట్ల సూడు. ఇవి పొయ్యి ముట్టించకుండా సేసే పట్టీలంట. ఖర్జూరము, బుడ్డలు, పుట్నాలు దంచి కలిపి, పళ్లెంలో నొక్కి కోసేది. అంతే" అంది.

"నొక్కేదా?" అన్నాడు శేషప్ప. అంతవరకు గోడకు ఆనుకుని ఉన్నవాడు నిటారుగా కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే బసమ్మ రోలు కడిగాడు. మనిషికి పని తెలియకపోయినా పట్టుదల తెలుసు. దంచాడు, కలిపాడు, పళ్లెంలో పోసి రెండు చేతులతో నొక్కాడు, కత్తితో కోశాడు. కోసింది కోసినట్టే పిండిగా రాలిపోయింది. భవ్యశ్రీ ఆ పొడిని చూసింది, నాయన మొహాన్ని చూసింది, నెల రోజుల తరువాత మొదటిసారి నవ్వింది.

"ముప్పై ఏండ్లు ప్రెస్సులో ఏం నొక్కినావు నాయినా?"

"ముప్పై ఒకటి" అన్నాడు ఆయన. రోషం వచ్చింది.

అప్పటి నుంచి ఇల్లు ప్రెస్సు అయింది. పాత అలమర చెక్క కోసి, గీకి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టి జానెడు పొడుగు పెట్టె చేశాడు. పెట్టెలోకి సరిగ్గా దిగే ఇంకో పలక చెక్కాడు. బరువుకు తిరగలి పైరాయి. ప్రెస్సులో దూదిని పొర మీద పొర వేసి తొక్కినట్టు, ఖర్జూరం ముద్దను పొర మీద పొర వేసి అదిమాడు. అంతవరకు చేసినదంతా మంచి పనే. ఆ తరువాత చేసిందే పాడు పని. పొడి దూది బిగుసుకోదు, ఎగదన్నుతుంది. అందుకని నొక్కే ముందు నాలుగు దోసిళ్ల నీళ్లు చిలకరించడం ఆ ప్రెస్సులో అలవాటు. శేషప్ప చేతికి ఆ అలవాటు ముప్పై ఒక్క ఏళ్లది. చెంబులో వేళ్లు ముంచి ప్రతి పొర మీదా చిలకరించాడు. మనసుతో చేసిన పని కాదది. చేయి తనంతట తానే చేసింది.

పొద్దున రాయి తీసి పెట్టె విప్పితే దిమ్మె దిమ్మెగా వచ్చింది. కత్తి పెడితే గీత గీసినట్టు తెగింది. పిల్ల ఒక ముక్క తిన్నది, ఇంకో ముక్క అడిగింది. అడిగింది చూడండి, ఆ అడగడానికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊపులో పదిహేను రోజులకు సరిపడా చేసి, బిస్కెట్ల డబ్బాలో పేర్చి, గట్టిగా మూత పెట్టాడు. సందులో ఎవరు పోతున్నా పిలిచి డబ్బా తట్టి చూపించేవాడు. ఎమ్మిగనూరుకు ఫోను చేసి వియ్యపురాలికి చెప్పాడు.

"నువ్వులు ఏసినావా? ఏయొద్దు, వేడి" అంది శాంతకుమారి.

"ఏయలేదమ్మా. కొబ్బెర ఏసినా."

"అయితే సరే. పాప తింటాండాదా?"

"అడిగి తింటాండాది."

ఆమె గొంతు తగ్గించింది, వెనక మగ్గం చప్పుడు వినపడింది. "నీకు పుణ్యముంటాదన్నా" అని ఫోను పెట్టేసింది. ఆ నోట్లోంచి అంత మెత్తటి మాట రావడం అదే మొదలు.

ఆరో రోజు శేషప్ప హసన్‌బీని అరుగు మీదికి పిలిచాడు. గొప్ప చూపించుకోవద్దా మరి. డబ్బాలో అడుగు నుంచి ఒక పట్టీ తీసి ఇచ్చాడు. ఆమె నోట్లో పెట్టుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. వెలుతురులోకి వచ్చి తిప్పి చూసింది.

"శేషప్పా, ఇది ఎవరికి పెడతాండావు?"

"పాపకు. ఎవరికేంది?"

"బూజు పట్టింది అప్పా. కింద సూడు, బూడిద పూసినట్ల."

శేషప్ప డబ్బా బోర్లించాడు. పై రెండు వరుసలు బాగానే ఉన్నాయి. కింద వరుసలన్నిటికీ సన్నటి నూగు. పొద్దున పిల్లకు పెట్టింది కూడా అడుగు వరుసలోనుంచి తీసిందే.

"నీళ్లేమన్నా తగిలినాయా?" అంది హసన్‌బీ.

"సల్లినా. బిగుస్తాదని. ప్రెస్సులో సల్లుతాము."

"పత్తిని ఎవరన్నా తింటారా శేషప్పా?"

శేషప్ప కాలికి చెప్పులు కూడా లేకుండా పద్మ ఉండే చోటికి పోయాడు. ఆమె వచ్చి పిల్ల పొట్ట నొక్కి చూసింది, నాడి చూసింది. "బూజు పట్టిన బుడ్డలు మంచివి కావు శేషన్నా. ఒక ముక్కే కాబట్టి భయపడొద్దు గానీ రెండు దినాలు కనిపెట్టుకో. కడుపునొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, వాంతి ఆగకపోయినా నాకు ఫోను చెయ్యి. డబ్బా మొత్తం పారెయ్యి. పైవి బాగున్నాయని దాచుకునేవు."

డబ్బా మొత్తం గుంత తీసి పూడ్చాడు, కుక్కలు కూడా తినకుండా. ఆ రెండు రోజులు పిల్ల దగ్గితే లేచాడు, దొర్లితే లేచాడు. పిల్లకేమో ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున, "నాయినా, ఆకలయితాంది, పట్టీ ఏది?" అని అడిగింది.

"ఇంక నేను సేయను తల్లీ" అన్నాడు శేషప్ప. "పత్తి ఎరిగిన సెయ్యి బిడ్డను ఎరగదు. రేపు నిన్ను ఎమ్మిగనూరికి ఇడిసొస్తా. మీ అత్త ఉండాది, ఇంటి నిండా ఆడోళ్లు ఉండారు. ఈడ సంపుకుంటానేమో నేను."

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఇంటికి పోతే మళ్లీ గుంతలో దాక్కోవడమే. అప్పుడే బండి ఆపుకుని లోపలికి వచ్చిన హసన్‌బీ ఈ మాటలన్నీ విన్నది. చేతిలో చేట ఉంది. ఎవరూ కూర్చోమనకుండానే నేల మీద కూర్చుని బుడ్డలు కుమ్మరించుకుంది.

"ఒక బేలు సెడిపోతే ప్రెస్సు మూసుకుని ఇంటికి పోయినావా ఎప్పుడన్నా?"

"నా సేతిలో బేలు సెడిపోలేదు."

"అదే నీ కర్మ. సెడగొట్టి నేర్సుకునేది నీకు అలవాటు లేదు. కూసో ఈడ. కండ్లు బాగా కనపడతాయా?"

"ఏంటికి కనపడవు."

"అయితే ఏరు. ముడతలు పడింది వద్దు. నల్ల మచ్చ ఉండేది వద్దు. పగిలింది వద్దు. ఒక్కటి సెడ్డది కలిసినా డబ్బా అంతా సేదు. మా అమ్మ నాకు ఏడేండ్లప్పుడు నేర్పించింది, నీకు అరవైలో నేర్పిస్తాండా. ఆలస్యమైతే అయింది."

మనిషెత్తు బేళ్లు చూసినవాడు, గోరంత గింజను తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. చేటెడు బుడ్డలు ఏరేసరికి పూట పట్టింది. హసన్‌బీ ఇంకో మాట కూడా చెప్పింది. నీళ్లు ఎందుకు? బుడ్డలో నూనె ఉంది, ఖర్జూరంలో జిగురు ఉంది. రెండూ చల్లగా ఉంటే కలవవు, వెచ్చబడితే వాటంతట అవే పట్టుకుంటాయి.

"వెచ్చ పెట్టల్లంటే పొయ్యి కావల్ల గదా అక్కా. పాపకు పడదు" అన్నాడు.

హసన్‌బీ చేయెత్తి మిద్దె పైకి చూపించింది. "ఆదోనిలో పుట్టి పొయ్యి అడుగుతావేందప్పా? పైన బండలు పట్టుకో, సెయ్యి కాలుతాది."

అట్లా మొదలైంది అసలు వంట. పొద్దున ఎండ ఎక్కగానే గింజ తీసిన ఖర్జూరం ఒక పళ్లెంలో, ఏరిన బుడ్డలు ఒక పళ్లెంలో పోసి, పలచటి పంచె కప్పి మిద్దె మీద పెట్టేవాడు. కాకులకు కర్ర పట్టుకుని పక్కనే కూర్చునేవాడు. ఎండాకాలంలో ఆదోని ఎండను తిట్టనివాడు లేడు. ఆ ఎండకు పొద్దున్నే లేచి దండం పెట్టినవాడు మాత్రం శేషప్ప ఒక్కడే అయి ఉంటాడు. రెండు గంటల్లో ఖర్జూరం వెన్నలాగా అయ్యేది. బుడ్డలు వెచ్చగా రోట్లో పడితే నాలుగు పోట్లకే నూనె మెరిసేది. అందులో పుట్నాల పొడి, తురిమిన కొబ్బెర, కొంచెం బెల్లం, కరకరమనడానికి పిడికెడు బొరుగులు. చెంబును వంటింటి దరిదాపుల్లో లేకుండా పెరట్లో పెట్టేవాడు, మళ్లీ చేయి తనంతట తాను పోతుందేమోనని.

నొక్కడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. పొర వేసి అదమడం, మూలలు ముందు, నడుమ తరువాత. రాయి పెట్టి తెల్లవార్లూ వదిలేయడం. రాయి తీయగానే పెట్టె విప్పకుండా కాసేపు ఆగడం, ఎందుకంటే నొక్కిన సరుకు ఊపిరి పీల్చుకుంటుందంటాడు ఆయన. పొద్దున కోసిన పట్టీలను హసన్‌బీ వేళ్లతో విరవబోయింది. విరగలేదు. పంటితో కొరికితే మాత్రం మెత్తగా తెగింది.

"ఇది నా సేతకాదు శేషప్పా" అని ఒప్పుకుంది ఆమె. "నా సేతిలో ఉండయితాది, పట్టీ కాదు. నీళ్ల సంగతి ఇడిసిపెడితే నీ ప్రెస్సు మంచిదే."

ఒకేసారి మూడు రోజులకు మించి చేయలేదు మళ్లీ. రోజుకు రెండు పట్టీలు, పట్టీ తిన్న కాసేపటికి నిమ్మకాయ నీళ్లు, బిళ్ల. మజ్జిగ కూడా నిలవసాగింది. ఈ సందడిలో ఉగాది ఎప్పుడు పోయిందో ఎవరూ చూసుకోలేదు. నెల తరువాత పద్మ వేలు గుచ్చి, ఎనిమిది పాయింటు రెండు అంది. శేషప్ప ఆ అంకెను గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. చదువు రాకపోయినా బేళ్ల మీద నంబర్లు వేసిన చేయి కదా.

ఆరో నెల వచ్చాక ఒక పొద్దున భవ్యశ్రీ, పక్కింట్లో మెంతికూర పప్పు వాసనకు ముక్కు మూసుకోవడానికి బదులు, అటు వైపు మెడ చాచింది. వేవిళ్లు పోయాయి. అన్నం, పప్పు, జొన్నరొట్టె అన్నీ మొదలయ్యాయి. పక్కింటివాళ్లు గిన్నెలు పంపారు, రొట్టెలమ్మే ఆమె లెక్కలోకి రాని రొట్టె ఒకటి ఎక్కువ వేసింది. అయినా పట్టీలు మానలేదు. బిళ్ల పట్టీ మీదనే పడాలని పిల్లకు పట్టింపు పట్టుకుంది. జూన్‌లో తొమ్మిది పాయింటు ఒకటి. కర్నూలుకు రాయాలా వద్దా అని పద్మ కాగితం పట్టుకుని ఆలోచించింది.

"ఎండాకాలం దాటిపోయింది శేషన్నా. పది రాలేదు."

"పెరుగుతాండాది గదా తల్లీ. ఆగకుండా పెరుగుతాండాది" అన్నాడు శేషప్ప. గోడ మీది అంకెలు చూపించాడు.

పద్మ ఆ అంకెలను వరసగా చదివి, కాగితం మడిచింది. "మూడు వారాలు చూస్తాను. అప్పటికి పది లేకపోతే మాత్రం నా మాట కాదనేదానికి లేదు."

ఆ మూడు వారాలు మబ్బులు పట్టాయి. ఎండ లేదు. శేషప్ప మిద్దె మీద పళ్లేలు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ, ఎక్కడ కాసేపు ఎండ పడితే అక్కడికి జరుపుతూ తిరిగాడు. ఎండ చాలని రోజు ఖర్జూరం పొట్లాన్ని పంచెలో చుట్టి తన ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు, కోడి గుడ్లు పొదిగినట్టు. హసన్‌బీ చూసి నవ్వబోయి నవ్వలేదు. ఆమె కూడా ఒక పొట్లం తీసుకుని కొంగులో చుట్టుకుని పక్కన కూర్చుంది.

జూలైలో శాంతకుమారి గాజులు, చీర, చలిమిడి పట్టుకుని శ్రీమంతం చేయడానికి వచ్చిన రోజే పద్మ కూడా వచ్చింది. హసన్‌బీ అప్పటికే బండి ఆపుకుని లోపల కూర్చుని ఉంది. ముందు రక్తం చూశాకే గాజులన్నాడు శేషప్ప. నలుగురూ పద్మ చేతిలోని చిన్న మిషను వైపే చూశారు.

"పది పాయింటు మూడు" అంది పద్మ. "కర్నూలు వద్దు. ఈడనే కాన్పు చేద్దాం."

శేషప్ప గోడ దగ్గరికి పోయి బొగ్గు తీసుకున్నాడు. అంకె వేయబోయి, కూతురి వైపు తిరిగి అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. శాంతకుమారి ఆ బొగ్గు తీసుకుని తానే రాసింది. రాసి, ఇటు తిరిగి, హసన్‌బీ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా నోరు ఊరికి తెలుసక్కా. ఈరోజు అది పనిసేయలేదు" అంది.

"పనిసేయకపోతే మంచిదేలే, సెవులకు విశ్రాంతి" అంది హసన్‌బీ.

శ్రావణం చివర ఆదోనిలోనే భవ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలకు రవ్వంత తక్కువ. తల్లి మొహం సున్నం గోడలాగా లేదు, గోధుమ రంగుగానే ఉంది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి శేషప్ప ఆ మొహాన్ని ఎంతసేపు చూశాడంటే, మనవరాలిని చూడు నాయినా అని కూతురు గుర్తుచేయాల్సి వచ్చింది. పద్మకు ఏమివ్వాలో తెలియక ఒక డబ్బా పట్టీలు పట్టుకుపోయి ఇచ్చాడు. ఆమె ఒకటి కొరికి, "బెల్లం ఎక్కువైంది శేషన్నా" అని డబ్బా మాత్రం సంచిలో పెట్టుకుంది.

హసన్‌బీకి ఏమివ్వాలో ఆయన చాలా రోజులు ఆలోచించాడు. చీర తెస్తే తిడుతుంది. మాటతో చెబుదామంటే మన వైపు ఆ మాట నోటికి అలవాటు లేదు, మేలు చేసినవాళ్లకు చేతులతోనే చెప్పుకుంటాం. కొండ మీదికి పోయే సందులో ఉంటుంది ఆమె. మిగిలిన సరుకుతో బండిని ఆ ఎత్తు మీదికి లాక్కుపోవడానికి రోజూ సాయంత్రం మూడు చోట్ల ఆగి, చక్రాల కింద రాయి పెట్టి, రొప్పు తీర్చుకుంటుంది. ఎన్నో ఏళ్లుగా అదే సందులో ఉంటూ కూడా అది ఆయన కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆనింది. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా పోయి బండి వెనక చేతులు వేశాడు. ముందర నుంచి లాగుతున్న హసన్‌బీ, బరువు తేలికయ్యేసరికి వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, నేను ముసల్దాన్ని అయినాననా?"

"నువ్వు కాదులే అక్కా. బండి అయింది."

"తోసేది కూడా నొక్కినట్లే తోస్తాండావు. నిదానంగా తొయ్యి, బొరుగులు కింద పడతాయి."

శేషప్ప నిదానంగా తోశాడు. ఆ రోజు నుంచి రోజూ తోస్తున్నాడు.